సూన్ లై ఆర్పే దీపాలు

తేక్ హూయ్, తీగల్లో కరెంటు కారుతోందేమో చూసే మెగ్గర్ కొసలు రెండూ ఒకదానికొకటి ఆనించి, పిడిని మెల్లగా తిప్పాడు. ముల్లు సున్నా మీదికి ఒరిగింది. కొసలు విడదీసి మళ్ళీ తిప్పాడు. ముల్లు అవతలి చివరకు, అనంతం గుర్తు దగ్గరకు, తొందర లేకుండా వెళ్ళి ఆగింది. పిడి మడిచి, పరికరాన్ని గోధుమరంగు తోలుపెట్టెలో పెట్టాడు. ఇంటినుంచి కదిలే ముందు రోజూ చేసే పని ఇది. ఇతరుల ఇళ్ళు కొలవడానికి వెళ్ళేవాడు ముందు తన పరికరాన్ని కొలుచుకోవాలని మేనమామ నేర్పాడు. మేనమామ పోయి చాలాకాలమైంది. ఆయన మాట మాత్రం చేతుల్లోకి దిగి అలవాటుగా మిగిలిపోయింది.

గోడకు తగిలించిన ఖాకీ పనిచొక్కా తొడుక్కున్నాడు. దానికి కింద రెండు పెద్ద జేబులున్నాయి. ఎడమ జేబు అడుగున చిల్లు. కరెంటున్న చోట చెయ్యి పెట్టవలసి వస్తే అతను ఎడమచేతిని జేబులో దాచి, కుడిచేత్తోనే పనిచేస్తాడు. ఒక చేతినుంచి ఇంకో చేతికి, గుండె మీదుగా, కరెంటుకు దారి ఇవ్వకూడదు. అందుకే అతని చొక్కాలన్నిటికీ ముందుగా ఎడమ జేబే అరిగిపోతుంది. బీ లాన్ బతికున్నన్నాళ్ళూ ఆ జేబుకు లోపలినుంచి గుడ్డముక్క వేసి కుట్టేది. భార్య పోయాక అతను ఆ జేబులో వస్తువులేవీ వేసుకోవడం లేదు. చెయ్యి ఒక్కటే పెడతాడు.

కొండల కింది తైపింగు ఊళ్ళో పొద్దుటి ఎండ ఎప్పుడూ, సాయంత్రం వాన రాదని నమ్మించేలా కాస్తుంది. వీధి మలుపులో, ఇక్కడి చనువుకొద్దీ పేరు ముందు 'ఆ' చేర్చి అందరూ 'ఆ కియోంగ్' అనే కియోంగ్ కాఫీ కొట్టు దగ్గర మోటారుసైకిలు ఆపి, నల్లకాఫీ, కొబ్బరి జామ్ రాసిన రొట్టె తీసుకున్నాడు. ఆ కియోంగ్ గ్లాసు బల్ల మీద పెట్టి, అక్కడే నిలబడిపోయాడు.

"ఇవాళ టైలరు ఇంటికటగా?"

"ఊఁ."

"అది కరెంటు మనిషి పనా, గుడి పూజారి పనా అని ఇక్కడ పందేలు కాస్తున్నారు."

"లైట్లు పోతున్నాయన్నారు. చూసొస్తా."

"పోవట్లేదయ్యా, ఆర్పుతున్నాడు. సూన్ లై సంగతి నీకు తెలీదూ? నా కొట్టుకొచ్చి నా లైటే ఆర్పేసి, 'పట్టపగలు ఇదెందుకు' అనేవాడు. అలాంటివాడు చచ్చిపోయినంత మాత్రాన మానేస్తాడా?"

తేక్ హూయ్ రొట్టెను కాఫీలో ముంచి తిన్నాడు. నవ్వు వచ్చింది గానీ ముఖం దాకా రాలేదు. అతని ముఖం నవ్వుకు అలవాటుపడినది కాదు. పైకి చూసి చూసి నుదుటి మీద మూడు ముడతలు శాశ్వతంగా నిలిచిపోయిన సన్నని ముఖం. కనురెప్పల మీద సున్నపు దుమ్ము మరకలు. ఈ ఊళ్ళో సగం ఇళ్ళ గోడల్లో అతను వేసిన తీగలున్నాయి. ఏ గోడనూ చూపించి అతని పేరు చెప్పేవారు లేరు. బాగా వేసిన వైరింగు ఇంటివాళ్ళకు గుర్తురాదు. దాన్ని తలుచుకునేది పాడైనప్పుడే. తన పని సరిగ్గా ఉన్నంతకాలం తాను లేనట్టే లెక్క అని అతను ఏనాడో గ్రహించాడు. అందులో బాధపడవలసినది ఉందా లేదా అన్నది మాత్రం ఇప్పటికీ తేల్చుకోలేదు.

టైలరు సూన్ లై ఇల్లు పాత బజారు చివర, రెండంతస్తుల మేడ. ముందుగది ఒకప్పటి కుట్టుకొట్టు. కుట్టుమిషను మీద తెల్లగుడ్డ కప్పి ఉంది. దాని పక్కనే, మనిషి ఎత్తున, రంగుకాగితాలతో కట్టిన ఇల్లొకటి నిలబడి ఉంది. రేపు నలభై తొమ్మిదో రోజు. ఏడు వారాలు నిండి, పోయినవాడు ఇల్లు విడిచి వెళ్ళే రోజు. ఆ కాగితపు ఇంటిని కాల్చి ఆయనకు పంపుతారు. ఇప్పో పట్నంలో ఉన్న కూతురు పిల్లలతో పొద్దున్నే వస్తుంది.

సూన్ లై భార్య గ్వాత్ సిమ్ గుమ్మంలో ఎదురైంది. డెబ్బై దాటిన మనిషి. మోకాళ్ళ మీద చేతులు ఆన్చి నడుస్తుంది. సంతాపానికి భుజాన గుచ్చుకున్న నల్లగుడ్డముక్క వెలిసిపోయింది.

"రా, ఆ తేక్. చెప్పులు అక్కడ వద్దు, చీమలున్నాయి."

"లైట్లు ఎప్పటినుంచి పోతున్నాయి, ఆసో?" అని అడిగాడు. సూన్ లై అతనికన్నా పెద్దవాడు కనుక ఆమెను అన్నభార్యను పిలిచినట్టే పిలుస్తాడు.

"ఆయన పోయిన వారం తర్వాత మొదలైంది. రోజూ కాదు. వాన పడే సాయంత్రాలు. టక్‌మంటుంది. కింద, పైన, అన్ని లైట్లూ ఆరిపోతాయి. దేవుడి దీపం కూడా."

"ఫ్రిజ్?"

"నడుస్తుంది. ఫానూ తిరుగుతుంది. అదే నేననేది. ఫాను తిరుగుతూనే ఉంటుంది. ఆయన రాత్రి ఇల్లంతా తిరిగి ఒక్కొక్క లైటూ ఆర్పుకుంటూ వచ్చేవాడు. నేను కూర్చున్న గదిలోది కూడా. 'కూర్చోడానికి వెలుతురెందుకు' అనేవాడు. ఫాను జోలికి మాత్రం వెళ్ళేవాడు కాదు. గాలి లేకపోతే నాకు నిద్రపట్టదని ఆయనకు తెలుసు."

తేక్ హూయ్ తల ఊపాడు. ఆమె గొంతులో భయం లేదు. ఫిర్యాదు కూడా లేదు. మరమ్మతుకు పిలిచిన ఇంటివాళ్ళ గొంతుల్లో సాధారణంగా ఉండే తొందర లేదు. అప్పుడతనికి అర్థమైంది, తనను పిలిపించింది ఈమె కాదని.

"మా అమ్మాయి గొడవ. రేపు పిల్లలు వస్తారు, చీకట్లో మెట్ల మీంచి పడతారు, బాగుచేయించమంది. బోర్డు బిగించిన కుర్రాడు రెండుసార్లు వచ్చి చూశాడు. అంతా సవ్యంగానే ఉందన్నాడు. సవ్యంగా ఉంటే మరి ఆర్పేదెవరు, నువ్వే చెప్పు."

బోర్డు మెట్ల కింద ఉంది. పాత ఫ్యూజుపెట్టె తీసేసి, ఈ కొత్త బోర్డు పెట్టింది సూన్ లై మంచాన పడకముందే. అందులో, తేడా వస్తే దానంతటదే కరెంటు తెంచేసే ట్రిప్ స్విచ్చిలు రెండు, లైట్లకు ఒకటి, ప్లగ్గులకు ఒకటి. పని శుభ్రంగా ఉంది. ప్రతి తీగకూ చీటీ కట్టి ఉంది. కుర్రాడు శ్రద్ధగలవాడని తేక్ హూయ్ మనసులో మెచ్చుకున్నాడు.

మామూలుగా అయితే మొదట మెయిన్ దించుతాడు. ఇల్లంతా చచ్చిన తర్వాతే మెగ్గర్ పెట్టెలోంచి తీయాలి. చెయ్యి మెయిన్ మీదికి పోయేసరికి వెనకనుంచి ఆమె అంది.

"ఫ్రిజ్ ఆపకు. రేపు ఆయన ముందు పెట్టవలసినవన్నీ అందులోనే ఉన్నాయి. తెల్లవారుజామునుంచి వండాను. ఈ ఉక్కకు పులిసిపోతాయి."

అతను క్షణం తటపటాయించాడు. పోయినవాడి భోజనం. చెయ్యి దించి, లైట్ల ట్రిప్ స్విచ్చి ఒక్కటే ఆపాడు. హాల్లో దేవుడి దగ్గర ఎర్రదీపాలు రెండూ ఆరిపోయాయి. గ్వాత్ సిమ్ అందుకు సిద్ధంగానే ఉంది. గాజుగిన్నెలో నూనెవత్తి వెలిగించి, భర్త ఫొటో ముందు పెట్టింది.

లైట్ల తీగలు రెండూ బోర్డునుంచి విడదీసి, జంటగా మెలిపెట్టి, మెగ్గర్ ఒక కొస వాటికీ, ఇంకో కొస ఎర్తుకూ తగిలించాడు. ఎడమచెయ్యి జేబులోకి దానంతటదే వెళ్ళింది. అవసరం లేదని గుర్తొచ్చి, బయటికి తీసి, పిడి తిప్పాడు. లైట్ల తీగలకూ భూమికీ మధ్య ఏ సంబంధమూ ఉండకూడదు. ముల్లు అనంతం వైపు నడవాలి.

ముల్లు సున్నా మీద కూలబడింది.

అతను నమ్మలేదు. కొసలు విడదీసి, ఆనించి, పరికరాన్ని మళ్ళీ పరీక్షించాడు. అది సవ్యంగానే ఉంది. మళ్ళీ తగిలించాడు. సున్నా. రెండుసార్లు వచ్చిన కుర్రాడు అంతా సవ్యమన్న లైన్లు ఇవే.

వానకూ దీనికీ సంబంధం ఉందంటే ముందు చూడవలసినది పెరటి దీపం. నిచ్చెన వేసుకుని పెరటి చూరు కింద దీపం గాజుబుడ్డి విప్పాడు. లోపల తడి ఉంది. కొండ వైపునుంచి వచ్చే జల్లు అక్కడ నేరుగా కొడుతుంది. ఆ దీపాన్ని తీగలనుంచి పూర్తిగా విడదీసి, కొసలు చుట్టి, వెనక్కి వచ్చి పిడి తిప్పాడు. అయినా సున్నా. తడి కొంచెం కరెంటును తింటూ ఉండవచ్చు, కానీ ముల్లును ఇలా నేలకు పడేయగలిగినది తడి కాదు.

మెట్ల మీద కూర్చున్నాడు. అనుకోని అంకె కనబడినప్పుడు ఒకప్పుడు విసుగు వచ్చేది. వయసు మీద పడే కొద్దీ అది ఒక రకమైన మర్యాదగా మారింది. పరికరం అబద్ధం చెప్పదు. అడిగినదానికే జవాబిస్తుంది. జవాబు వింతగా ఉందంటే, తాను అనుకున్న ప్రశ్న ఒకటి, నిజంగా అడిగిన ప్రశ్న ఒకటి. అయితే తాను ఏం అడిగాడు? కుర్రాడు అడగనిది ఏం అడిగాడు?

కుర్రాడు పద్ధతి ప్రకారం మెయిన్ దించి ఉంటాడు.

"ఆసో, ఫ్రిజ్ ఒక్క నిమిషం ఆపుతాను."

మెయిన్ దించి, పిడి తిప్పాడు. ముల్లు లేచింది. సున్నాను వదిలి, గీతలన్నీ దాటి, అనంతం వైపు హాయిగా వెళ్ళిపోయింది. మెయిన్ ఎక్కించాడు. ముల్లు పడిపోయింది. మెయిన్ అలాగే ఉంచి, ప్లగ్గుల ట్రిప్ స్విచ్చి ఒక్కటి దించాడు. ముల్లు లేచింది.

ఇల్లు పూర్తిగా నిద్రపోతే మాయమయ్యే దోషం. ప్లగ్గులు మేలుకుని ఉంటేనే లైట్లలో కనబడే దోషం. అంటే ఈ ఇంట్లో ఎక్కడో లైట్ల తీగా ప్లగ్గుల తీగా ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని ఉన్నాయి. కుర్రాడు అన్నీ సరిగ్గా చేశాడు, అందుకే అతనికి దొరకలేదు. తాను చచ్చినవాడి తిండి పాడవుతుందని పద్ధతి తప్పాడు, కనబడింది. ఇందులో తన గొప్ప ఏమీ లేదని తేక్ హూయ్‌కి స్పష్టంగా తెలుసు.

ఫ్రిజ్‌కి కరెంటు ఇచ్చి హాల్లోకి వచ్చాడు. ఈ ఇంట్లో లైటూ ప్లగ్గూ దగ్గరగా వచ్చే చోటు ఒక్కటే. దేవుడి బల్ల. దాని వెనక, మంత్రాలు పాడే చిన్న పెట్టె కోసం ప్లగ్గు ఉంది. నెత్తిన, సీలింగు మీద హాలు లైటు. ఎర్రదీపాలకు వేసిన తీగ బల్ల వెనక్కి దిగిపోయింది. బల్లను కదపకూడదు. అతను బోల్టుల డబ్బాలోంచి గుండ్రని అద్దం తీశాడు. బీ లాన్ పౌడరు డబ్బా మూతలోది అది. చెయ్యి పట్టని సందుల్లో అతనికి ఇప్పుడదే కన్ను. అద్దాన్ని బల్లకూ గోడకూ మధ్య దించి, టార్చి వేశాడు.

దీపాలకు కరెంటు తెచ్చే ఫేజు తీగ దూలం వెంట పైకి పోయి, హాలు లైటు సీలింగు బిళ్ళలోకి దూరింది. దానికి స్విచ్చి లేదు. దేవుడి దీపం ఎన్నడూ ఆరకూడదు కనుక స్విచ్చి ఉంచరు. తిరుగు తీగ మాత్రం పైకి పోలేదు. అంత దూరం ఎక్కకుండా, కిందనే, ప్లగ్గు పెట్టెలోని తిరుగు తీగకు, న్యూట్రల్‌కు, అతికి ఉంది. అతుకు మీద టేపు ఎండి రాలిపోయింది. టేపు కింద నల్లదారం కనబడింది. తీగ చుట్టూ దగ్గర దగ్గరగా, పోగు మీద పోగు పడకుండా బిగించి, చివర చిన్న ముడి.

ఏ ఎలక్ట్రీషియనూ దారంతో అతుకు కట్టడు.

అద్దాన్ని కాసేపు అలాగే పట్టుకుని ఉండిపోయాడు. తరవాత గ్వాత్ సిమ్‌ను పిలిచాడు. ఆమె మోకాళ్ళు పట్టుకుని వంగి, అద్దంలోకి చూసింది. ఇంకా వంగి చూసింది.

"ఆయన ముడి," అంది. "బొత్తాలకు వేసేది. జన్మలో ఊడదు."

"దీపాలకు తీగ ఆయనే వేశాడా?"

"ఎలక్ట్రీషియను ఎందుకు, దండగ అన్నాడు. నేను కుర్చీ పట్టుకున్నాను." ఆమె నిటారుగా లేచింది. "ఏమిటి, ఆ తేక్? ఆ ముడివల్లేనా?"

అతనికి చెప్పడం చేతకాదు. చేసి చూపించడమే అలవాటు. కుట్టుమిషను కేసి చూపించాడు.

"అందులో పైదారం, కిందిదారం జంటగా నడిచినట్టే, కరెంటు ఒక దారిన వెళ్తే దాని జంటదారిన తిరిగి రావాలి, ఆసో. మీ దీపాలది లైట్ల దారిన వెళ్ళి ప్లగ్గుల దారిన వస్తోంది. పాత ఫ్యూజుపెట్టె అదేం పట్టించుకునేది కాదు. కొత్త బోర్డు లెక్క చూస్తుంది, ఎంత పోయింది, ఎంత వచ్చింది అని. తేడా కాస్తైతే ఊరుకుంటుంది. ఒక్క దీపమున్నప్పుడు ఊరుకుంది. ఆయన పోయాక ఫొటోకి రెండో దీపం పెట్టారుగా. ఇక అంచు దాకా వచ్చేసింది. పైగా పెరటి దీపంలో వానతడి కాస్త తోడైతే లైట్లన్నీ కొట్టేస్తోంది."

"ఫాను?"

"ఫాను ప్లగ్గుల లైన్లో ఉంది. దానికేం కాదు."

ఆమె కుర్చీలో కూర్చుంది. చాలాసేపు ఫొటో కేసి చూసింది. ఫొటోలో సూన్ లై, మెడలో కొలత టేపుతో, ఎవరో లైటు వేసినందుకు విసుక్కుంటున్నట్టు ఉన్నాడు.

"దీనివల్ల ఎంత వైరు మిగిలింది?"

"రెండు బారలు."

"రెండు బారల వైరు," అంది. భుజాలు కదిలాయి. నవ్వుతోందని తెలియడానికి తేక్ హూయ్‌కి కొంచెం సమయం పట్టింది. నవ్వి, కళ్ళు తుడుచుకుని, ఆ చేతిని ఒళ్ళో పెట్టుకుని అంది. "అయితే వస్తున్నది ఆయన కాదన్నమాట."

తేక్ హూయ్ అబద్ధం ఆడవచ్చు. ఆడితే ఎవరికీ నష్టం లేదు. కానీ జీవితమంతా ముల్లు చూపినదే చెప్పినవాడికి, ఇప్పుడు ఇంకోటి చెప్పడానికి నోరు రాలేదు. అలాగని నిజం అంతటితో అయిపోయిందనీ అనిపించలేదు. కారణం దొరికినంత మాత్రాన ఆ వాన సాయంత్రాలు ఆమె ఎదురుచూడడం తప్పు లెక్క అయిపోతుందా?

"దీపాలు ఆరడానికి కారణం ఆయనే, ఆసో," అన్నాడు చివరకు. "అంతవరకు నేను చెప్పగలను."

ఆమె ఆ మాటను గుడ్డను వేళ్ళతో తడిమి చూసినట్టు చూసుకుంది.

"ఇప్పుడే కోసేస్తావా?"

"కోయాలి. తీగ విడదీసినప్పుడు ఎవరైనా అమాయకంగా ముట్టుకుంటే దెబ్బ తగులుతుంది."

"రేపు పొద్దున ఆయన్ని పంపించేస్తాం. ఈ సాయంత్రం ఒక్కటే ఉంది. వాన వచ్చేదాకా ఉంచు. తరవాత కోసెయ్యి."

దోషం తెలిసి కూడా కరెంటు ఇవ్వడం అతను ఎన్నడూ చేయలేదు. మేనమామ ఉంటే చెయ్యి చేసుకునేవాడు. కానీ ట్రిప్ స్విచ్చి దాని పని అది చేస్తోంది, ఆ సందులోకి చెయ్యి పెట్టేవారు లేరు, తాను ఇక్కడే ఉంటాడు. పెరటి దీపాన్ని ఉన్నది ఉన్నట్టు బిగించి వచ్చాడు. తీగలు బోర్డుకు ఎక్కించి, లైట్ల స్విచ్చి వేశాడు. ఎర్రదీపాలు రెండూ వెలిగాయి.

"నేను ఉంటాను," అన్నాడు.

పక్కింటి రొహాయా ప్రహరీ గోడ మీదుగా పళ్ళెం అందించింది. అరిటాకులో ఉడికించిన బియ్యప్పిండి ఉండలు, పైన కొబ్బరి. తేక్ హూయ్‌ను చూసి గోడ మీద మోచేతులు ఆన్చింది.

"దొరికాడా మా టైలరు?"

"దొరికాడు," అంది గ్వాత్ సిమ్. "రెండు బారల వైరు మిగిల్చి, ఇంటిమీదికి తెచ్చాడు."

"నేనెప్పుడో చెప్పాను. రంజాను నెలలో నేను వాకిట్లో దీపాలు పెడితే, 'ఇన్నెందుకు రొహాయా, చంద్రుడు ఉన్నాడుగా' అనేవాడు. అమావాస్యకి ఒక్కరోజు ముందు కూడా అదే మాట." ఆమె నవ్వు తగ్గాక ఆకాశం కేసి చూసింది. "నా బట్టలు తడిసేలా ఉన్నాయి. ఆ ఉండలు వేడిమీద తినండి. నువ్వు కూడా, ఆ తేక్. గాలికి ఎగిరిపోయేలా ఉన్నావు."

మేఘం కమ్ముకుంది. గ్వాత్ సిమ్ హాల్లో లైటు, మెట్ల లైటు, వంటింటి లైటు, పెరటి లైటు, అన్నీ వేసి వచ్చి కూర్చుంది. ఆ ఇంట్లో అన్ని దీపాలు ఒక్కసారి వెలగడం సూన్ లై చూసి ఉంటే ఓర్చుకునేవాడు కాదు. కాగితపు ఇల్లు ఆ వెలుగులో మెరిసింది. అందులో కాగితపు మంచం, కాగితపు కుట్టుమిషను, సీలింగుకు వేలాడే కాగితపు ఫాను, రెండు కాగితపు బల్బులు ఉన్నాయి. తేక్ హూయ్ వంగి అలవాటుగా గోడలు చూశాడు.

"స్విచ్చి లేదు, ఆసో."

"ఏది, చూడనీ." ఆమె వచ్చి చూసింది. "నిజమే. ఎలా ఆర్పుకుంటాడు పాపం? అక్కడ రాత్రంతా వెలుగుతూ ఉంటే పిచ్చెక్కిపోతాడు."

అతను చెవి వెనకనుంచి పెన్సిలు తీసి, కాగితపు తలుపు పక్కన, చెయ్యి అందే ఎత్తులో, చిన్న స్విచ్చిపలక గీశాడు. రెండు మీటలు బల్బులకు. కాస్త ఆలోచించి, మూడోది ఫానుకు గీసి, దాన్ని మాత్రం వేసి ఉన్నట్టు గీశాడు.

ఇద్దరూ తిన్నారు. వాన ఇంకా మొదలవలేదు.

"బీ లాన్ పోయినప్పుడు, ఆ ఏడు వారాల్లో, మీ ఇంట్లో ఏమైనా అయిందా?" అని అడిగింది గ్వాత్ సిమ్.

"ఏమీ కాలేదు."

"ఏమీనా?"

"మా ఇంటి వైరింగు నేనే వేశాను."

ఆమె నవ్వబోయి, అతని ముఖం చూసి మానేసింది. అతను హాస్యానికి అనలేదు. ఆ ఏడు వారాలూ పనికి వెళ్ళి వచ్చాడు. ప్రతి సాయంత్రం తాళం తీసి, స్విచ్చి వేస్తే లైటు వెలిగేది, తీస్తే ఆరేది. ఏ వానకూ ఏమీ కాలేదు. ఏ తీగా తప్పు దారిన తిరిగి రాలేదు. తన ఇంట్లో అనుకోనిదేదీ జరగకుండా అంత జాగ్రత్తగా బిగించుకున్నది తానేనని, బీ లాన్ రావాలనుకున్నా సందు లేకుండా పోయిందేమోనని, ఒకసారి మాత్రం, బట్టలు ఆరేస్తూ అనుకున్నాడు. తరవాత ఆ ఆలోచనను పక్కన పెట్టాడు. కొలవడానికి వీల్లేనిది అది.

వాన వచ్చింది. రేకుల మీద చప్పుడు పెరిగి, మాటలకు వీలు లేకుండా పోయింది. గ్వాత్ సిమ్ చేతులు ఒళ్ళో పెట్టుకుని, నెత్తిన లైటు కేసి చూస్తూ కూర్చుంది. బస్సు కోసం నిలబడినవాళ్ళలో కనబడే ఓపిక అది. ఫాను తిరుగుతోంది. లైట్లు వెలుగుతున్నాయి.

కొంతసేపటికి తేక్ హూయ్ లేచి పెరటి గుమ్మం దాకా వెళ్ళి చూశాడు. వాన ఇవాళ కొండ మీదినుంచి రాలేదు. సముద్రం వైపునుంచి వచ్చి, వీధి ముఖాన కొడుతోంది. పెరటి చూరు కింద దీపం పొడిగా, ప్రశాంతంగా వెలుగుతోంది. పొద్దుటి తడి బల్బు వేడికి ఆరిపోయింది, కొత్త తడి లేదు. అంచు దాటించే ఆ కాస్తా ఇవాళ లేదు. ఈ వానకు లైట్లు పోవు.

వెనక్కి వచ్చాడు. ఆమె అలాగే పైకి చూస్తోంది. చప్పుడు పలచబడుతోంది. మెట్ల కింద బోర్డు తెరిచే ఉంది. లైట్ల ట్రిప్ స్విచ్చి మీద, పరీక్షకోసం పెట్టిన చిన్న పసుపు బొత్తాం ఉంది. నొక్కితే టక్‌మని అన్నీ ఆరిపోతాయి. ఫాను తిరుగుతూనే ఉంటుంది. అతను బోర్డు ముందుకు వచ్చి నిలబడ్డాడు. కుడిచెయ్యి లేచింది. ఎడమచెయ్యి జేబులోకి వెళ్ళి, చిల్లులోంచి వేళ్ళు బయటికి వచ్చాయి.

"ఆ బొత్తాం నాకు తెలుసు, ఆ తేక్," అంది గ్వాత్ సిమ్, తల తిప్పకుండా. "ఆ కుర్రాడు చూపించాడు. నెలకోసారి నొక్కి చూసుకోమన్నాడు. వద్దులే."

అతను చెయ్యి దించాడు.

వాన వెలిసింది. చూరునుంచి బొట్లు మాత్రం పడుతున్నాయి. ఆమె మోకాళ్ళ మీద చేతులు ఆన్చి లేచింది.

"అలిసిపోయి ఉంటాడు. నేనే చేస్తాను."

ముందు పెరటి లైటు ఆర్పింది. తరవాత వంటింటిది. మెట్ల లైటు దగ్గర కాసేపు ఆగి, పైకి చూసి, దాన్నీ ఆర్పింది. నడక నెమ్మది, కానీ చెయ్యి తడుముకోలేదు. ఇన్నేళ్ళూ ఆయన వెనక చూసిన వరస అది. హాల్లోకి వచ్చి, తాము కూర్చున్న లైటు స్విచ్చి మీద వేలు పెట్టి, "కూర్చోడానికి వెలుతురెందుకు," అని తనలో తను అనుకున్నట్టు అంది. అదీ ఆరింది. ఎర్రదీపాల వెలుగు మాత్రం మిగిలింది. ఫాను తిరుగుతోంది. దాని స్విచ్చి పక్కనే ఉన్నా ఆమె చెయ్యి దాని మీదికి పోలేదు.

ఆ వెలుగులో ఇద్దరూ కూర్చున్నారు. సూన్ లై ఏ క్షణాన వెళ్ళాడో కొలిచే పరికరం లేదు. కానీ గ్వాత్ సిమ్ ముఖంలో ఎదురుచూపు లేదని తేక్ హూయ్‌కి తెలిసింది.

"ఇక కోసెయ్యి," అంది.

ఆమె నూనెవత్తి మళ్ళీ వెలిగించింది. అతను ఈసారి మెయిన్ దించాడు, పద్ధతి ప్రకారం. అద్దంలో చూసుకుంటూ, ముడికి ఇటూ అటూ తీగ కత్తిరించి, అతుకును బయటికి తీశాడు. ప్లగ్గు పెట్టెలో మిగిలిన కొసకు మూత వేసి, రెండు బారల కొత్త తీగ దూలం వెంట పైకి నడిపి, దీపాల తిరుగు దారిని లైట్ల న్యూట్రల్‌కు కలిపాడు. లైట్ల తీగలు మళ్ళీ బోర్డునుంచి విడదీసి, ప్లగ్గులకు మాత్రం కరెంటు ఇచ్చి, మెగ్గర్ తిప్పాడు. ముల్లు వెళ్ళవలసిన చోటుకు వెళ్ళి నిలిచింది. మళ్ళీ తిప్పాడు. అదే జవాబు. ఇక ఈ ఇల్లు కూడా అతన్ని మరిచిపోతుంది. తీగలు బోర్డుకు బిగించి, స్విచ్చి వేశాడు. పెరటి దీపానికి రబ్బరు పట్టీ వేసి బిగించాడు.

అతుకును గ్వాత్ సిమ్ అడిగి తీసుకుంది. బొటనవేలితో దారాన్ని రుద్ది చూసి, ఫొటో ముందు, మిగిలిపోయిన బొత్తాలు వేసే చిన్న పింగాణీ పళ్ళెంలో పెట్టింది. డబ్బు ఇవ్వబోతే, రేపు కూతురు వచ్చాక చూద్దాంలెమ్మన్నాడు. మిగిలిన రెండు ఉండలు అరిటాకులో చుట్టి ఇచ్చింది. అతను వాటిని ఎడమ జేబులో వేసుకోబోయి, ఆగి, కుడి జేబులో వేసుకున్నాడు.

గుమ్మంలో చెప్పులు తొడుక్కుంటూ ఒకసారి వెనక్కి చూశాడు. ఎర్రవెలుగులో, పాత బొత్తాల మధ్య, వేలెడంత రాగితీగ. దాని చుట్టూ బిగించిన నల్లదారం ఒక్క పోగు కూడా సడలలేదు.